ఆరు చుక్కలలో తెలుగు



విజయనగరపు సంగీత కళాశాల పేరు వినని తెలుగువారు అరుదు. మహారాజా విజయరామ గజపతిగారు 1919వ సంవత్సరమున దానిని నెలకొల్పిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఆ కళాశాల పుట్టుకను గూర్చి మన ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. సంస్థానమున ఉద్యోగిగా నుండిన చాగంటి జోగారావుగారి కుమారునకు చూపు లేదట. పాటయందు మాత్రము మిక్కిలి మక్కువ కలదట. ఆ ఒక్క పిల్లవానికి సంగీతము చెప్పింపవలెనను తలంపే పెరిగి, ఎందరికో విద్య నొసగు కళాశాల ఆయెనట. అచ్చటనే ఫిడేలు బోధించి, 1936లో అధ్యక్షపదవి నధిష్ఠించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికిని చూపు అంతంతమాత్రమే.

చూపు లేనివారికి పాట నేర్పుటకు గురువు గొంతు చాలును. కాని చరిత్ర పాఠమో, వేమన పద్యమో తమంత తాము చదువుకొనవలెనన్నచో ఏమి చేయవలెను? ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపవలెను. చదువువారికి తీరిక చిక్కినప్పుడే వీరికి విద్య. వినుట వేరు, చదువుట వేరు అని రేడియో వినువారికి మేము చెప్పనక్కరలేదు. ఈ ప్రసంగమున ఒక మాట మీ చెవి దాటిపోయినచో అది మరల రాదు. పుస్తకమైనచో పుట వెనుకకు త్రిప్పి చూచుకొనవచ్చును. ఆ స్వాతంత్ర్యమును చూపు లేనివారికి కలిగించునది బ్రెయిలీ లిపి. ఆ లిపిలోనికి తెలుగును మార్చు ఒక సాఫ్ట్‌వేరును దాని మూలపాఠమునుండి నిర్మించుటకు గత ఫిబ్రవరిలో విజయనగరమున మేము చేసిన యత్నమును, అందు మాకెదురైన చిక్కులను, అవి వీడిన విధమును నేడు విన్నవించెదము.

ముందుగా లిపిని గూర్చి రెండు మాటలు. లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సు దేశమున కూవ్రే అను గ్రామమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టు పనివాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్టుతో ఆడుకొనుచు కంటికి గాయము చేసికొని, ఆ బాలుడు క్రమముగా రెండు కన్నులను గోల్పోయెను. 1829లో, ఇరువది యేండ్ల వయస్సున, అతడు తన లిపిని ప్రకటించెను. నిలువుగా మూడు, వాటి ప్రక్కన మరి మూడు, వెరసి ఆరు చుక్కల తావులు ఒక గడి. ఎడమ వరుసలోని చుక్కలను పైనుండి 1, 2, 3 అనియు, కుడి వరుసలోని వానిని 4, 5, 6 అనియు లెక్కింతురు. ఈ ఆరింటిలో కొన్నిటిని పొడిచి, కొన్నిటిని విడిచినచో 63 రూపములు ఏర్పడును. వేలికొన ఒక్కమారు తాకినంతనే గడి యంతయు తెలియును. ఈ లిపి సౌలభ్యమంతయు అందున్నది.

అరువదిమూడు రూపములలో మన అచ్చులు, హల్లులు, గుర్తులు అన్నియు ఇముడవలెను. మన దేశమున పూర్వము ఒక్కొక్క ప్రాంతము ఒక్కొక్క విధమైన చుక్కల లిపిని వాడుచుండెడిది. వానినన్నిటిని ఏకము చేయు యత్నము యునెస్కో సహాయమున ఫలించి, 1951లో భారతి బ్రెయిలీ అను ఏకరీతి లిపి ఏర్పడెను. ఆ కార్యమున యునెస్కోకు సలహాదారుగా నుండినవారు న్యూజిలాండు దేశీయులు సర్ క్లూతా మెకంజీ. 1915లో గలిపోలీ యుద్ధరంగమున చూపు పోగొట్టుకొనినవారు. భారతి బ్రెయిలీలో తెలుగు కకారమునకును, హిందీ కకారమునకును, బెంగాలీ కకారమునకును ఒకటే రూపము: 1, 3 చుక్కలు. అకారమునకు మొదటి చుక్క ఒక్కటే. ఈ పొందిక వలన ఒక భారతీయ భాషలో బ్రెయిలీ నేర్చినవారికి తక్కిన భాషల అక్షరములు చాలవరకు నేర్చినట్లే.

చేతితో బ్రెయిలీ వ్రాయుట ఓపికతో కూడిన పని. మందపు కాగితమును గళ్ళ పలకలో బిగించి, మొనగల పుల్లతో ఒక్కొక్క చుక్కను వెనుకనుండి పొడువవలెను. కాగితము త్రిప్పి చదువవలెను గనుక వ్రాయునప్పుడు కుడినుండి ఎడమకు, రూపములను తారుమారు చేసి వ్రాయవలెను. ఒక పాఠ్యపుస్తకమును ఇట్లు పొడుచుటకు ఎన్ని దినములు పట్టునో ఊహించుకొనుడు. అందుచేత ఈ పనిని కంప్యూటరునకు అప్పగించిరి. కంప్యూటరు సాధారణ పాఠమును చుక్కలుగా మార్చును. చుక్కలు పొడుచు ముద్రణయంత్రము వానిని కాగితముపై దింపును.

ఈ మార్పు చేయు సాఫ్ట్‌వేరులలో లిబ్‌లూయీ అనునది ఒకటి. లూయీ బ్రెయిలీ గౌరవార్థము దానికా పేరు పెట్టిరి. అంతకు పూర్వమున్న బీఆర్‌ఎల్ టీటీవై అను మరియొక సాఫ్ట్‌వేరులోని భాగములను తీసికొని, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో దీనిని పెంచినవారు అమెరికా దేశీయులు జాన్ బోయర్ గారు. ఆయనకు చూపును లేదు, వినికిడియు లేదు. అట్టివారు వ్రాసిన సాధనమును నేడు ప్రపంచమున ఎన్నో భాషలవారు వాడుచున్నారు. ఎన్‌వీడీఏ అను ఉచిత తెరపాఠక సాఫ్ట్‌వేరు సైతము చుక్కలకై దీనినే ఆశ్రయించును. దీని మూలపాఠము రహస్యము కాదు. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, తిరిగి పంచవచ్చును. పుస్తకములను చూపు లేనివారికై ఇట్లు మార్చుకొనుటకు చట్టపు అడ్డును లేదు. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టము అందుకు అనుమతించుచున్నది. ఈ విషయమై 2013లో ఏర్పడిన మరకేష్ ఒడంబడికను 2014లో ధ్రువీకరించిన మొట్టమొదటి దేశము మనదే.

ఇక మా కథ. చీపురుపల్లి సమీపమున ఒక పల్లెలో పదవ తరగతి చదువు బాలిక యొకతె కలదు. చూపు లేదు, బ్రెయిలీ మాత్రము చిన్ననాడే చక్కగా నేర్చినది. మార్చిలో పరీక్షలు. సాంఘికశాస్త్రపు పాఠములు కొన్ని ఆమెకు బ్రెయిలీలో దొరకలేదు. ఆమె తల్లి మా మిత్రునకు బంధువు. "పిల్ల చదువుకుంటానంటోంది బాబూ, చదివి వినిపించడానికి నాకు అక్షరం రాదు" అని ఆమె చెప్పిన మాటయే మమ్ము ఈ పనికి పురికొల్పినది. మూడువారముల గడువు. మూడు లాంతర్ల సమీపమున మా మిత్రుని గదియు, ఎవరో ప్రక్కన పెట్టిన ఒక పాత కంప్యూటరును మాకు సాధనములు. ముద్రణయంత్రము విశాఖపట్టణమున ఒక సంస్థవారి యొద్ద కలదు. వారానికొక దినము మాకు వంతు ఇచ్చెదమనిరి.

ఆ కంప్యూటరులో లినక్స్‌తోపాటు వచ్చిన లిబ్‌లూయీ చాల పాతది. కొత్తదానిని మూలపాఠమునుండి నిర్మించుకొందమని మేము నిశ్చయించితిమి. శ్రోతలలో కంప్యూటరు పనితో పరిచయము లేనివారు ఉందురు గనుక ఈ నిర్మాణమును వ్యవసాయపు మాటలలో చెప్పెదము. సిద్ధముగా వచ్చు సాఫ్ట్‌వేరు వండిన అన్నము వంటిది. మూలపాఠము ధాన్యము వంటిది. దంచవలెను, చెరుగవలెను, వండవలెను. అందును రెండు విధములు కలవు. విడుదల సమయమున మూటగట్టి ఇచ్చు మూలపాఠము దంచిన బియ్యము, నేరుగా వండవచ్చును. నిర్మాతలు దినదినము దిద్దుకొను భాండారమునుండి తెచ్చుకొన్నది కళ్ళములోని ధాన్యము. దంచుటకు రోలును రోకలియు మనయొద్ద ఉండవలెను. మేము కళ్ళములోని ధాన్యమును తెచ్చుకొని, దానిని బియ్యమనుకొని పొయ్యిపై పెట్టితిమి. మొదటి చిక్కు అదియే.

నిర్మాణమున మొదటి మెట్టు కాన్ఫిగర్ అనునది. కంప్యూటరులో ఏయే పనిముట్లు ఉన్నవి, ఏవి లేవు అని అది సరిచూచును. "కాన్ఫిగర్ అను దస్త్రమే లేదు" అని యంత్రము బదులు చెప్పినది. అది పాడైన ప్రతి అనుకొని మరల మరల తెచ్చుకొంటిమి. ఒక పూట గడిచినది. తరువాత, ప్రతి మూలపాఠముతోను వచ్చు సూచనల పుటను నిదానముగా చదివితిమి. భాండారపు ప్రతిలో కాన్ఫిగర్ ఉండదు. ఆటోజెన్ అను ఆజ్ఞతో దానిని మనమే పుట్టించుకొనవలెను. అందుకు ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అను పనిముట్లు కావలెను. అవియే మేము చెప్పిన రోలును రోకలియు. సూచనల పుటను ముందు చదివియుండినచో ఆ పూట మిగిలెడిది.

రెండవ చిక్కు పనిముట్ల కొరత. నిర్మాణము సగములో నిలిచి, తెరపై నలువది యాబది పంక్తుల దోషములు కురిసెను. మేము చిట్టచివరి పంక్తిని పట్టుకొని దానికి మందు వెదకితిమి. అది ఫలింపలేదు. చివరి పంక్తి "నేను ఆగిపోయితిని" అని మాత్రమే చెప్పును; ఎందుకు ఆగినదో మొదటి దోషము చెప్పును. పైకి జరిగి చూడగా సహాయపుటలను కూర్చు హెల్ప్‌టూమాన్ అను చిన్న పనిముట్టు లేదని తేలినది. చుక్కలకును దానికిని ఏ సంబంధమును లేదు. అయినను అది లేక పని సాగలేదు. దానిని తెచ్చి పెట్టగానే తక్కిన దోషములు తమంత తామే మాయమాయెను. ఇట్టి పని తలపెట్టు యువకులకు మా మొదటి మనవి ఇది: దోషములు కుప్పగా వచ్చినప్పుడు మొదటి దానిని వ్రాసికొనుడు, ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేయుడు, చేసినదానిని కాగితముపై పెట్టుడు.

ఆ పిమ్మట నిర్మాణము సాఫీగా ముగిసెను. తరువాతి మెట్టు పరీక్ష. నిర్మించిన సాఫ్ట్‌వేరు సరిగా పనిచేయుచున్నదా అని చూచుటకు నిర్మాతలే కొన్ని పరీక్షలు సమకూర్చియుందురు. "ఈ మాట యిచ్చినచో ఈ చుక్కలు రావలెను" అని వానిలో ఉండును. మా పరీక్షలో తప్పినవి లేవు. కాని "దాటవేసితిని" అని కొన్నిటి యెదుట వ్రాసి యుండెను. లిబ్‌యామల్ అను గ్రంథి మా యంత్రమున లేకపోవుటచే భాషా పరీక్షలను అది చేయనే లేదు. తప్పలేదు గదా యని మేము సంతోషించితిమి. పరీక్షకే కూర్చుండని విద్యార్థి తప్పలేదని సంతోషించుట వంటిది అది. ఆ సంతోషపు ఫలమును ముందు చెప్పెదము.

మూడవ చిక్కు ప్రతిష్ఠించిన తరువాత వచ్చినది. సాఫ్ట్‌వేరును నడుపబోగా తనకు కావలసిన గ్రంథి కనబడలేదని అది మొరపెట్టినది. గ్రంథి అక్కడనే యున్నది; మా కంటికి కనబడుచున్నది; దానికి మాత్రము కనబడదు. ఊరిలో కొత్త ఇల్లు కట్టినారు గాని తపాలా బంట్రోతునకు ఎవరును చెప్పలేదు. ఎల్‌డీ కాన్ఫిగ్ అను ఆజ్ఞ ఆ బంట్రోతునకు చిరునామా తెలుపును. ఒక్క ఆజ్ఞతో చిక్కు వీడినది.

ఇంతవరకు వచ్చినవి యంత్రపు చిక్కులు. ఇక మీదటివి మా తెలివికి సంబంధించినవి.

పాఠమును చుక్కలుగా మార్చి తెరపై చూచితిమి. మొదటి పుట యంతయు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గందరగోళము. దోషము సాఫ్ట్‌వేరులో లేదు. మాకు లభించిన పాఠ్యప్రతి పాత పద్ధతి అక్షరమూసలతో కూర్చినది. అట్టి ప్రతిలో తెలుగు అనునది కంటికి మాత్రమే కనబడును. లోపల దాగియున్నవి ఇంగ్లీషు సంకేతములు. ఆకు పచ్చగానున్నంత మాత్రాన అన్నియు కరివేపాకు కావు గదా. తెలుగు అక్షరములకు ప్రపంచమంతట చెల్లు సంకేతములు యూనికోడ్‌లో 1991లోనే ఏర్పడినవి. బ్రెయిలీ చుక్కలకు 1999లో చేరినవి. ఆ సంకేతములలోనికి పాఠమును మార్చిన తరువాతనే లిబ్‌లూయీ దానిని గుర్తింపగలిగినది. అప్పటికిని అక్కడక్కడ మాటల నడుమ అంకెలు, అక్షరములు కలిసిన ఒక వింత గుంపు కనబడుచుండెను. తనకు తెలియని గుర్తు ఎదురైనప్పుడు లిబ్‌లూయీ దానిని విడిచిపెట్టక, దాని సంకేత సంఖ్యను అట్లే వ్రాసి చూపును. మా పాఠమున "ప్లాట్‌ఫారం" వంటి మాటలలో అక్షరములు అతుకకుండ చేయు ఒక అదృశ్యపు గుర్తు ఉన్నది. కంటికి కనబడని దానిని సాఫ్ట్‌వేరు బయటపెట్టినది. అనువాదమునకు ముందే ఆ గుర్తును పాఠమునుండి తొలగించితిమి.

అప్పుడు, చేతిలో అచ్చు పట్టికను పట్టుకొని, చుక్కలను అక్షరమక్షరముగా సరిచూడ మొదలిడితిమి. అచ్చులు సరి, హల్లులు సరి. "అమ్మ" అను మాట యొద్ద ఆగితిమి. తెలుగులో సంయుక్తాక్షరమును కంప్యూటరు దాచుకొను విధము ఇది: ముందు మకారము, దాని వెనుక పొల్లు గుర్తు, దాని వెనుక మరియొక మకారము. బ్రెయిలీలో పొల్లునకు గుర్తు నాల్గవ చుక్క ఒక్కటే. తెరపై ఆ చుక్క మొదటి మకారమునకు ముందు కనబడుచున్నది. "భక్తి"లో కకారమునకు ముందు, "శ్రీ"లో శకారమునకు ముందు. పుటలో అంతటను అట్లే. యంత్రము పొల్లును తారుమారు చేసినదని మేము తీర్మానించితిమి. మా మిత్రుడు ఒక రాత్రి మేలుకొని, తరచుగా వచ్చు సంయుక్తాక్షరములకు పొల్లును "సరియైన" చోట నుంచి ఒక అనుబంధ పట్టికను వ్రాసెను.

పట్టిక వ్రాసినను ఫలితము మారలేదు. మరునాడు సాయంకాలమంతయు దానితోనే సరిపోయినది. మేము దిద్దుచున్నది మూలపాఠపు సంచిలోని ప్రతిని. సాఫ్ట్‌వేరు చదువుచున్నది ప్రతిష్ఠించిన చోటనున్న ప్రతిని. పైగా పాత లిబ్‌లూయీని మేము తొలగింపలేదు. పిలిచినప్పుడెల్ల పాతదే బదులు పలుకుచుండెను. ఒకే పేరు గల ఇద్దరున్న ఇంటికి ఉత్తరము వచ్చినట్లాయెను. సంచిక సంఖ్య అడిగి చూడగా సంగతి తేలినది. పాతదానిని తొలగించి, పట్టికలు ఎక్కడ వెదకవలెనో లూయీ టేబుల్ పాత్ అను సూచికలో చెప్పిన పిమ్మట మా "దిద్దుబాటు" అమలులోనికి వచ్చినది.

ఇంకను ఒక పరీక్ష చేసితిమి. లిబ్‌లూయీ చుక్కలను తిరిగి అక్షరములుగా మార్చగలదు. తెలుగును చుక్కలుగా మార్చి, ఆ చుక్కలను తిరిగి తెలుగుగా మార్చితిమి. "అమ్మ" "అమ్మ"గానే తిరిగి వచ్చినది. పుట యంతయు అక్షరము పొల్లుపోక తిరిగి వచ్చినది. ఇంతకు మించిన రుజువేమి కావలెనని మా మిత్రుడు ఎగిరి గంతువేసెను. ఈ దిద్దుబాటును లిబ్‌లూయీ నిర్మాతలకు పంపి, ప్రపంచమునందలి తెలుగు బ్రెయిలీ పాఠకులకందరికి మేలు చేయవలెనని ఉత్తరము సహితము వ్రాసిపెట్టెను. మా వంతు దినము రాగా విశాఖపట్టణము పోయి, నలువది పుటలు ముద్రించుకొని వచ్చితిమి. పరీక్షలకు ఇంక పదునొకండు దినములు.

ఆ సాయంకాలము చీపురుపల్లి బస్సు దిగి ఆ బాలిక యింటికి పోయితిమి. ఆమె అరుగుపై కూర్చుండి పుటలను ఒడిలో పెట్టుకొని, రెండు చేతుల చూపుడువ్రేళ్ళను మొదటి పంక్తిపై నడిపించినది. రెండవ పంక్తిలో వ్రేలు ఆగినది. వెనుకకు వచ్చి మరల ముందుకు పోయినది. మేము కాగితము బాగుగా లేదేమో అనుకొంటిమి. ఆమె నవ్వు ఆపుకొనుచు, "ఇదేటి మాస్టారూ, అమ్మని 'అమమ్' అని రాసినారు?" అన్నది.

ఆమె మాకు బోధించిన పాఠమును మీకును చెప్పెదము. భారతి బ్రెయిలీలో నాల్గవ చుక్క తన తరువాత వచ్చు హల్లునకు అచ్చు లేదని ముందుగా హెచ్చరించును. చదువు వ్రేలు ఎడమనుండి కుడికి ఒక్కొక్క గడినే తాకుచు పోవును. కన్నువలె మాట మొత్తమును ఒక్కమారు చూడదు. "ఇప్పుడు వచ్చు హల్లు పొల్లు" అని ముందే తెలిసినచో వ్రేలు తడబడదు. "అమ్మ" అనగా అకారము, నాల్గవ చుక్క, మకారము, మకారము. "శ్రీకాకుళం" అనగా నాల్గవ చుక్క, శకారము, రకారము, ఈకారము, ఆపై కకారము, ఆకారము, కకారము, ఉకారము, ళకారము, సున్న. వెరసి పది గడులు. మేము నాల్గవ చుక్కను రెండు మకారముల నడుమకు జరిపితిమి. అది రెండవ మకారమును పొల్లు చేసినది. "భక్తి"లోను తకారమే పొల్లయినది. నలువది పుటలలోని ప్రతి సంయుక్తాక్షరమును మేము చెరిచితిమి. లిబ్‌లూయీ మొదటినుండియు సరిగానే వ్రాయుచుండెను.

మరి తిరుగు అనువాదము ఎట్లు సరిపోయెను? పోవునప్పుడు తప్పుపట్టికతో పోయినది. వచ్చునప్పుడు అదే తప్పుపట్టికతో వచ్చినది. తప్పు తూకపురాతితో కొని, అదే రాతితో అమ్మినవానికి లెక్క సరిపోవును. మధ్యనున్న సరకు మాత్రము సరియైన తూకము కాదు. యంత్రము తనతో తాను ఏకీభవించినదనుటకు తిరుగు అనువాదము సాక్ష్యము. ఆ చుక్కలు తెలుగు అనుటకు చదువువారి వ్రేలు తప్ప వేరు సాక్ష్యము లేదు. కన్నున్న మే మిద్దరము పట్టికలు చూచి, తెర చూచి, దినముల తరబడి శ్రమించితిమి. బ్రెయిలీ చదువువారిని ఒక్క మాటయు అడుగలేదు. ఆ ఉత్తరము పోయియుండినచో ఏమగునో తలచుకొనిన భయము కలిగినది. నిర్మాతలు జాగరూకులు, బహుశః త్రోసిపుచ్చెడివారు. ఒకవేళ అంగీకరించియుండినచో, లిబ్‌లూయీని వాడు ప్రతి తెరపాఠకమందును తెలుగు అమ్మలందరును "అమమ్"లు అయ్యెడివారు. మా మిత్రుడు ఆ ఉత్తరమును ఆ అరుగుపైననే చించివేసెను.

ఆ రాత్రియే అనుబంధ పట్టికను తొలగించితిమి. లిబ్‌యామల్‌ను పెట్టి, ఇదివరకు దాటవేసిన పరీక్షలన్నిటిని నడిపితిమి. అంతటితో ఆగక, ఆ బాలికను కూర్చుండబెట్టుకొని యాబది మాటల జాబితా ఒకటి వ్రాసితిమి. మాట మేము చెప్పుట, చుక్కల సంఖ్యలు ఆమె చెప్పుట. క్షకారమునకు, జ్ఞకారమునకు ఒక్కొక్కటే గడి యని ఆమె చెప్పినది. మా పట్టికలో వానిని గూడ ముక్కలు చేసియుంటిమి. ణకారమునకును, అంకెల ముందు వచ్చు గుర్తునకును ఒకటే రూపము, 3, 4, 5, 6 చుక్కలు, అనియు, సందర్భమును బట్టి వ్రేలు గ్రహించుననియు చెప్పినది. ఆ జాబితా నేడు మా యంత్రమున ఒక పరీక్షగా నిలిచియున్నది. పట్టికలో ఎవరేమి మార్చినను, ఆ యాబది మాటలకు ఆమె చెప్పిన చుక్కలే రావలెను. రానిచో యంత్రము ఆగి, తప్పును చూపును.

శ్రోతలలో కొందరు అడుగవచ్చును: చివరకు మూలపట్టికయే సరియైనదని తేలినది గదా, మూలపాఠమునుండి నిర్మించుటకు పడిన శ్రమ వ్యర్థము గాదా? మేము అట్లు తలపము. పట్టికను తెరచి చూచుటకు వీలుండుట చేతనే తప్పు మాదని నిర్ధారణ చేసికొనగలిగితిమి. మూతవేసిన సాఫ్ట్‌వేరైనచో ఆ బాలిక చెప్పినది ఒకటి, యంత్రము చేయునది ఒకటి అని తగవు మిగిలెడిది.

ఈ శ్రమకు మన ప్రాంతమున మరియొక ప్రయోజనమును కలదు. సీతంపేట కొండలలో సవరలు నివసించుచున్నారు. శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. కొండజ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయనకు వినికిడి పోయినది. అయినను ఆ భాషను విడువలేదు. సవర భాషకు సొరంగ్ సోంపెంగ్ అను సొంత లిపి 1936లో ఏర్పడి, 2012లో యూనికోడ్‌లో చేరినది. యూనికోడ్‌లో మొదటి 65,536 తావులలో తెలుగున్నది. సవర లిపి వాని కావల నున్నది. లిబ్‌లూయీని నిర్మించునప్పుడు ప్రత్యేకముగా కోరనిచో అది పదునారు బిట్ల అక్షరములనే గుర్తించును. ఆవల నున్న లిపిని ఎరుగదు. కాన్ఫిగర్ మెట్టునందు యూసీఎస్ ఫోర్ అను కోరికను తెలిపినచో ముప్పదిరెండు బిట్లతో నిర్మాణము జరిగి ఆ లిపికిని తలుపు తెరచుకొనును. సవర పిల్లలకై ఎవరైన చుక్కల పట్టికను వ్రాయదలచినచో ఆ తలుపు తెరచి యుండవలెను. సిద్ధముగా వచ్చినదానిలో అది తెరచియున్నదో లేదో మన చేతిలో లేదు. మూలపాఠమునుండి నిర్మించినచో మన చేతిలోనున్నది.

విజయనగరమునను, ఎచ్చెర్లలోను ఇంజనీరింగు చదువు విద్యార్థులు ఎందరో కలరు. ఇట్టి నిర్మాణము వారికి రెండు మూడు దినముల పని. వారి యూరిలోనో, ప్రక్క యూరిలోనో బ్రెయిలీ చదువువారు ఒకరైనను ఉందురు. ఆ యిద్దరును ఒక అరుగుపై కూర్చుండిననాడు తెలుగు బ్రెయిలీ పుస్తకముల కొరత కొంతవరకైనను తీరును. విద్యార్థులకు మా మనవి ఒక్కటే. పని ముగిసిన పిమ్మట చూపించుటకు గాక, పని మొదలిడు దినముననే వారి యొద్దకు పొండు.

రెండవమారు ముద్రించిన పుటలను మేము పరీక్షలకు నాలుగు దినముల ముందు అందించితిమి. ఆమె మొదటి పుటను ఆగక చదివినది. వంటయింటినుండి తల్లి వచ్చి గుమ్మమున నిలిచి వినుచుండెను. రెండవ పుట మధ్యకు వచ్చుసరికి ఆ బాలిక పెదవులు కదలుట మానినవి. వ్రేళ్ళు మాత్రము కదలుచున్నవి. తనలో తాను చదువుకొనుచున్నది. ఇక మాతో పని లేదని గ్రహించి మేము చీపురుపల్లి బస్సునకు బయలుదేరితిమి.